వదిన ఉప్పు

మా వదిన గురించి చెప్పమంటే ముందు కాసేపు తిట్టుకుని, ఆ తర్వాతే చెప్తాను. ఆడపడుచుని, నాకా మాత్రం హక్కు లేకపోతే ఎలా? తెల్లారీ తెల్లారకముందే లేపి క్యారెట్లు తరగమనేది. తరిగితే లావుగా ఉన్నాయనేది. సన్నగా తరిగితే, ఇంత సన్నవి పెనం మీద వేస్తే కనపడకుండా పోతాయి, ఆఫీసువాళ్ళకి గిన్నెలో నీ మొహం పెట్టనా అనేది. ఆ నోటికి తగ్గ నోరు నాకూ ఉంది కాబట్టి ఇన్నేళ్ళూ మా ఇద్దరికీ పొసగింది.

మా కొట్టు ఆఫీసు మేడల మధ్య, ఒక పెద్ద భవనం అడుగున, కార్లు నిలిపే చోటుని ఆనుకుని ఉండేది. అంతకుముందు అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. ముందు ఒక కిటికీ, దానికో బల్ల, లోపల ముగ్గురం మసిలితే భుజాలు రాసుకుంటాయి. వండేది కొరియా భోజనం. మధ్యాహ్నం ఒక్క గంటే అసలు వ్యాపారమంతా. మెడలో ట్యాగులు వేలాడేసుకుని, ఫోనులోంచి కళ్ళు తీయకుండా పై అంతస్తుల నుంచి బిలబిలమంటూ దిగేవారు. వాళ్ళకి కూర్చుని తినే తీరికుండదు, పెద్ద హోటల్లో తినేంత జీతముండదు, పొద్దున్నే డబ్బా కట్టుకునే ఓపిక అసలే ఉండదు. అలాంటివాళ్ళకి వేడివేడిగా, కడుపు నిండా, చిటికెలో పెట్టాలనేది వదిన పంతం.

దానికి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. కూరలన్నీ ముందే దేనికది విడిగా వేయించి పెట్టుకుంటుంది. గిన్నె అడుగున అన్నం, దాని మీద చుట్టూ క్యారెట్టు, పాలకూర, మొలకలు, పుట్టగొడుగులు, నడిమధ్య అప్పుడే వేసిన గుడ్డు, ఆ గుడ్డు పక్కన ఎర్రటి కారం ముద్ద. తినేవాళ్ళే కలుపుకోవాలి. దాని పేరు బిబింబాప్. ఎవరికీ నోరు తిరగదు కదా, చివరికి అందరూ దాన్ని 'బాబు' చేసేశారు. రెండు బాబులు, ఒక బాబుకి గుడ్డొద్దు, ఇలా సాగేది బేరం. మా అన్నయ్య కిటికీ దగ్గర గిన్నె ఎత్తి పట్టుకుని, ఈ బాబు తల్లెవరండీ అని కేకేసేవాడు. ఇంతేసి మీసాలాయన కూడా నేనేనండీ అంటూ వచ్చి తీసుకునేవాడు.

అన్నయ్యకి వంటలో ఓనమాలు తెలీవు. చాలాకాలం ఒక కంపెనీ బస్సు నడిపాడు. నడుం పట్టేసి స్టీరింగు వదిలేశాక వదిన తెచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది. మనిషి సరదా మనిషి. వచ్చేవాళ్ళందరికీ పేర్లు పెట్టేవాడు. ఎప్పుడూ చొక్కా నలగనాయన ఇస్త్రీ బాబాయ్. తింటూ కూడా ఫోనులో మీటింగులు పెట్టేవాడు మీటింగు మావయ్య. లిఫ్టు దిగి పరుగున వచ్చి, నిలబడే తిని, మూతి తుడుచుకుంటూనే పరుగెత్తే సన్నపాటి పిల్ల తొందరమ్మ.

ఇక వదినకి ఈ వంట ఎలా అబ్బిందో చెప్పాలి. పెళ్ళికి ముందు ఆవిడ ఒక కొరియావాళ్ళింట్లో అంట్లు తోమడానికి కుదిరింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే ఇంట్లో ముసలావిడ ఒక్కతే. వదిన ఆవిడని మామ్మా అనేది. ఆవిడకి మన మాట రాదు, ఈవిడకి వాళ్ళ మాట రాదు. రోజంతా చేతులతోనే కబుర్లు. మామ్మ పక్కన నిలబెట్టుకుని వంట చూపించేదట. తప్పు చేస్తే చేతి మీద ఒక్కటిచ్చేదట, కుదిరితే నోట్లో ముద్ద పెట్టేదట. ఒకరోజు మామ్మ ఒక సీసా మూత తీసి వేలితో వదిన నాలిక మీద రాసింది. చిన్న చిన్న రొయ్యల్ని ఉప్పులో వేసి నెలల తరబడి ఊరబెట్టిన సరుకది. వదిన మొహం చిట్లించి "ఉప్పు" అంది. మామ్మకి ఆ మాట తెగ నచ్చింది. చప్పట్లు కొట్టి, ఉప్పూ ఉప్పూ అని చిన్నపిల్లలా తిరిగిందట. ఆవిడ నేర్చుకున్న మన మాట అదొక్కటే. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ ఆ సీసా పేరు ఉప్పు. మామూలు ఉప్పు కావాలంటే వేలితో చూపించుకునేవారు. కొడుక్కి వేరే ఊరు బదిలీ అయ్యి వెళ్ళిపోయేరోజు మామ్మ వదిన చెయ్యి పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. వదినకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరూ ఏడ్చుకున్నారు.

ఇదంతా నేనిప్పుడు చెప్తున్నాను గానీ, అప్పట్లో నాకూ తెలీదు, అన్నయ్యకీ తెలీదు. మా కొట్లో కిమ్చీ, అంటే ఆ కారం క్యాబేజీ ఊరగాయ, వదిన ఒక్కతే సెలవురోజున ఇంట్లో కలిపేది. అందులోకి బూడిదరంగు ముద్ద ఒకటి డబ్బాలోంచి తీసి వేసేది. ఏంటి వదినా అది అంటే ఉప్పు అనేది. మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిందే. వాళ్ళ దేశంలో ఉప్పు కూడా కంపు కొడుతుంది కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఆ మాత్రం తెలివే నాది.

ఆ రోజు మామూలు కంటే జనం ఎక్కువున్నారు. తొందరమ్మ ఎప్పుడూ గుడ్డు బాబు తప్ప ఇంకోటి అడిగేది కాదు. ఆ రోజు పక్కవాళ్ళ గిన్నెలో ఎర్రగా కిమ్చీ చూసి మనసు పడింది. అందులో రొయ్యలుంటాయా అంకుల్, నాకు పడవు, తింటే ప్రాణం మీదికొస్తుంది అని అన్నయ్యని అడిగింది. అన్నయ్య లోపలికి తిరిగి, ఏమే, కిమ్చీలో ఏమేస్తావు అని అరిచాడు. రొయ్యలున్నాయా అని అడిగినా బావుండేది. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నేనిప్పుడు ఇది చెప్పే పనే లేదు. వదిన పెనం మీద గుడ్లు తిరగేస్తూ వెనక్కైనా చూడకుండా చెప్పింది. "క్యాబేజీ, కారం, వెల్లుల్లి, అల్లం, ఉప్పు."

అన్నయ్య దాన్ని పద్యంలా అప్పజెప్పి, రొయ్య అనేది మా గుమ్మం కూడా తొక్కదమ్మా, హాయిగా తిను అని గిన్నెడు వేసిచ్చాడు. ఆ పిల్ల స్తంభం పక్కన నిలబడి తింది. బావుందంకుల్ అని అక్కణ్ణుంచే చెయ్యి ఊపింది కూడా.

కాసేపటికి మీటింగు మావయ్య కేక వినిపించింది. నేను బల్ల మీదుగా వంగి చూస్తే ఆ పిల్ల మెడ పట్టుకుని కూలబడిపోయి ఉంది. పెదాలు ఉబ్బిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. అన్నయ్య నడుం నొప్పీ గిడుం నొప్పీ మర్చిపోయి ఒక్క ఉదుటున బయటికెళ్ళి ఆ పిల్లని ఎత్తుకున్నాడు. ఇస్త్రీ బాబాయ్ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎదురుగా ఇంకా జనం నిలబడే ఉన్నారు. వదిన చేతులు వాటంతటవే గిన్నెలు నింపుతున్నాయి.

తర్వాత అన్నయ్య ఫోను చేశాడు. నేను స్పీకరు పెట్టాను. పిల్లకి ఇంకా తెలివి రాలేదట. రొయ్యలు తింటేనే ఇలా అవుతుందని వాళ్ళమ్మ మొత్తుకుంటోందట. డాక్టరు పదే పదే అదే అడుగుతున్నాడట. "లేవని చెప్పాను. ఎంత చెప్పినా ఆవిడ నమ్మట్లేదు. మా బుజ్జిదాని మీద ఒట్టండీ, రొయ్యలు లేవు అన్నాను. అప్పుడు నమ్మింది. మరింకేం జరిగుంటుందోనని ఇప్పుడు వేరే పరీక్షలకి తీసుకెళ్తామంటున్నారు" అన్నాడు. బుజ్జిది వాళ్ళిద్దరికీ ఉన్న ఒక్కగానొక్క కూతురు. ఆ మాట చెప్పి ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాడు.

వదిన గరిటె పెనం మీదే వదిలేసింది. "ఆ ఉప్పు రొయ్యలదే" అంది.

ఏ ఉప్పు అన్నాను వెర్రిమొహం వేసుకుని. అప్పుడు చెప్పింది, సీసా సంగతీ, మామ్మ సంగతీ అన్నీ కలిపి రెండు ముక్కల్లో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషివి నువ్వు, రొయ్యల్ని రొయ్యలనడానికి నీకేం రోగం అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ అన్నయ్యకి ఫోను మీద ఫోను కొట్టింది, ఎత్తలేదు. షట్టరు సగం లాగి, వరసలో నిలబడ్డవాళ్ళని అలాగే వదిలేసి ఇద్దరం పరుగెత్తాం. దారిపొడుగునా నేనే వాగుతున్నాను. అన్నయ్యని పక్కకి పిలిచి ముందు ఆయనకి చెప్పు, తర్వాత మెల్లగా డాక్టరుకి చెప్దాం, ఆ తల్లి ముందు మాత్రం నోరెత్తకు, చంపేస్తుంది అన్నాను. అన్నయ్య నా తోడబుట్టినవాడు, నలుగురిలో తలవంపులవుతాయని నా బాధ. తప్పో ఒప్పో, ఇప్పుడైనా అదే అంటాను.

ఆసుపత్రి వసారాలో గోడకి ఆనుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల తల్లి బల్ల మీద కూర్చుని కూతురి ట్యాగుని చేతికి చుట్టుకుంటోంది. డాక్టరు తలుపు దగ్గర నర్సుతో ఏదో చెప్తున్నాడు. మమ్మల్ని చూడగానే అన్నయ్య మొహం విప్పారింది. ఇదిగోనండీ మా ఆవిడే వచ్చింది, వండేది ఆవిడే, మీరే అడగండి అన్నాడు ఆ తల్లితో. అంత ధీమా ఆయనకి.

వదిన అన్నయ్య వైపు చూడలేదు. నేరుగా డాక్టరు దగ్గరికెళ్ళి, "రొయ్యలున్నాయి సార్. కిమ్చీలో నూరి వేస్తాను" అంది.

అన్నయ్య నవ్వాడు. కంగారులో ఏదో అంటోందండీ, అది ఉప్పు, నేను రోజూ చూస్తున్నదే అన్నాడు. వదిన అప్పుడు ఆయన వైపు తిరిగి, మనం ఉప్పు అంటాం గానీ అది రొయ్యలేనండీ అని మెల్లగా చెప్పింది. డాక్టరు ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేదు, లోపలికి పరుగెత్తాడు.

తల్లి లేచి నిలబడింది. వదినని కొడుతుందనుకుని నేను మధ్యలోకి వెళ్ళబోయాను. కొట్టలేదు. తెలిసే పెట్టావా అని అడిగింది. రొయ్యలని తెలుసు, మీ పాపకి పడవని తెలీదు అంది వదిన. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తల్లి అన్నయ్య వైపు తిరిగింది.

"నీ కూతురి మీద ఒట్టేశావు కదయ్యా" అంది.

అన్నయ్య గోడవారగా అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. వదిన దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు.

సాయంత్రానికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. ఆ తర్వాత ఇంటికి కూడా వెళ్ళిపోయింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మేమేం చెయ్యగలిగేవాళ్ళం కాదని డాక్టరు వాళ్ళమ్మతో అన్నాడట. ఆవిడ మా మీద ఎక్కడా ఫిర్యాదు చెయ్యలేదు. అలాగని మా ఫోనూ ఎత్తలేదు. భవనంవాళ్ళు మాత్రం ఆ వారంలోనే గది ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళని ఏమనగలం? పెనాలూ గిన్నెలూ బుట్టల్లో సర్దుకుని ఇంటికి తెచ్చాం. ఆ డబ్బాని వదిన ఎక్కడ పారేసిందో నేను అడగలేదు. మేం ఎక్కడికెళ్ళామని తొందరమ్మ కిందికొచ్చి అడిగిందని కాపలావాడు చెప్తే, వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

అన్నయ్య పోట్లాడి ఉంటే బావుండేది. నాలుగు తిట్టి, రెండు గిన్నెలు విసిరేసి, మర్నాటికి మామూలైపోతే మాకూ తేలిగ్గా ఉండేది. ఆయన మాత్రం నడుం నొప్పితోనే మళ్ళీ బస్సెక్కాడు. ఆ మధ్య బుజ్జిదానికి పడిశం పట్టి ఒళ్ళు వెచ్చబడింది. స్కూలుకెళ్ళే పిల్లలకి పడిశం పట్టకుండా ఉంటుందా? అన్నయ్య మాత్రం పనికి కూడా వెళ్ళకుండా మంచం పక్కనే కూర్చున్నాడు. ఒట్లూ శాపాలూ ఉత్తవేనని అందరితో వాదించిన మనిషి, గడియకోసారి దాని నుదురు పట్టుకు చూశాడు. పిల్ల లేచి ఆడుకున్నాక కూడా ఆ చూడ్డం మానలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున వదిన నాతో వంకాయలు తరిగించింది. లావుగా తరిగినా ఏమీ అనలేదు. బుజ్జిదానితో కలిపి ముగ్గురం కింద కూర్చున్నాం. వదిన వడ్డించింది. అన్నయ్య ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"ఇందులో ఏమేశావు?" అన్నాడు.

నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను నెత్తి కొట్టుకుందామనుకుని వదిన మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ గరిటె పట్టుకునే నిలబడి, బడిలో పిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది. వంకాయలు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, నూనె, పసుపు. అక్కడిదాకా వచ్చి ఆగింది. ఇంక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. ఆ మాట అనడానికి వదిన రెండుసార్లు నోరు తెరిచింది. అన్నయ్య ముద్ద చేత్తో పట్టుకుని, ఆవిడ మొహంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు.