గోడవతలి మేక

రాయపూర్ రైల్వే క్వార్టర్ వెనక జానెడు పెరట్లో అమ్మ విజయనగరం నుంచి తెచ్చిన గోంగూర, బెండ విత్తనాలు వేసేది. వానలు పడగానే వాటికన్నా ముందు తగిరిస కలుపు లేచేది. అమ్మ దాన్ని తిట్టుకుంటూ పీకి గోడవతలికి విసిరేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒక్క మొక్కా వదలకుండా చేటలోకి ఏరుకునేది.

"మేకకి కాబోలు. పోన్లే, పుణ్యం," అనేది అమ్మ.

నాకు ఆ మేకను చూడాలని ఒకటే ఆత్రం. గోడెక్కి ఎన్నిసార్లు తొంగిచూసినా తాడు లేదు, పెంటిక లేదు, అరుపు లేదు. చివరికి ఉండబట్టలేక ఆవిడనే అడిగాను.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "బకరీ కహాఁ హే నోనీ! హమన్ ఖాథన్!" మేక లేదట, వాళ్లే తింటారట.

ఆ మధ్యాహ్నమే గోడ మీంచి కూరగిన్నె వచ్చింది. లేతాకు, వెల్లుల్లి, ఎండుమిర్చి. అమ్మ ముక్కు చిట్లించి వేలికొసతో నాకి చూసింది. ఇంకోసారి నాకింది. తర్వాత కంచంలో అన్నం పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ బంగారంలాటి కూర ఇసిరీసినాను గదే!" అని నా మీదే కసురుకుంది.

మర్నాడు అమ్మ తగిరిసను తిట్టలేదు. చిగుళ్లు నలగకుండా కోసి, ఒడినిండా వేసుకుని వంటింట్లోకి పోయింది. గోడవతల ఆవిడ చేట పట్టుకుని నిలబడే ఉంది.