తైవాన్ గారి మోహనం

నాన్నకు ముందు పళ్లు కదలడం మొదలైన ఏడాది మా బ్యాండు మేళానికి క్లారినెట్ లేకుండా పోయింది. క్లారినెట్ ఊదేది గాలితోనే అయినా దాన్ని నిలబెట్టేవి పై పళ్లు. అవి గట్టిగా ఆనకపోతే స్వరం నిలవదు. షుగరు నాన్న పళ్లను వదల్లేదు. ఆయన చేతులూపుతూ మేళం ముందు నడవడం, పాటలన్నీ ట్రంపెట్ ఊదే ఆయన చేతే లాగించడం అలవాటు చేసుకున్నాడు.

క్లారినెట్ వచ్చిన మనిషి మా ఇంట్లో ఇంకొకరు ఉన్నారు, నేను. నడక వచ్చినప్పటి నుంచి నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని. చుట్టాలొస్తే నాన్నే పిలిచి ఊదించేవాడు, మురిసిపోయేవాడు. ఊరేగింపుకి మాత్రం రానిచ్చేవాడు కాదు.

"ఆడపిల్ల నడిరోడ్డు మీద బుగ్గలు పూరించి ఊదుతుందా అమ్మా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అనేవాడు.

చూసేవాళ్లు పెళ్లికొడుకుని చూస్తారు గానీ నా బుగ్గలెందుకు చూస్తారని నా వాదన. డిగ్రీ చదువుతున్నానన్న మాటే గానీ నా ధ్యాసంతా ఇంటి పక్కన మేళం సాధన చేసే రేకుల షెడ్డులోనే ఉండేది. నాన్న నిలబడ్డ చోట నేను నిలబడాలి. పట్టుదల అనండి, మొండితనం అనండి, నాకు కావలసింది అదొక్కటే.

మా ఊరు ద్రాక్షారామం వెళ్లే దారిలో కాలువ గట్టున ఉంటుంది. అప్పట్లో సముద్రం వైపు పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్న రోజులు. మా షెడ్డు వెనక మేడ ఒక చెరువుల ఆసామిది. రొయ్య పిల్లల పెంపకం చూడటానికి ఆయన తైవాన్ నుంచి ఒక టెక్నీషియన్ని రప్పించి మేడ మీద గదిలో ఉంచారు. నడివయసు మనిషి, పొడుగు చేతుల చొక్కా, ఎప్పుడూ బురద అంటిన రబ్బరు బూట్లు. పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పేరు పలకడం రాకపోయినా మర్యాద తప్పకూడదు గనక ఊరంతా ఆయన్ని 'తైవాన్ గారు' అనేవాళ్లు. పాలు పోసే ఆవిడ కూడా "తైవాన్ గారూ, గిన్నె పెట్టండి" అని కింద నుంచి కేకేసేది. ఆత్రేయపురం పూతరేకులు పెడితే ఆయన పై కాగితం విప్పి తినబోయి, ఎంత విప్పినా కాగితమే వస్తోందని మాకు తిరిగి ఇచ్చేశారు. అది చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

సాయంత్రాలు చెరువుల నుంచి రాగానే ఆయన టేప్ రికార్డర్ పెట్టేవారు. ఎప్పుడూ ఒకే గొంతు. ఒక ఆడమనిషి, చెవి దగ్గర చెబుతున్నట్టు, ఎక్కడా గొంతు పెంచకుండా పాడేది. ఎవరావిడ అని నేను ఇంగ్లీషులో అడిగాను. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఇంచుమించు ఒకటే, అందుకే బాగా కుదిరింది. తమ దేశంలో పుట్టిన గాయని అన్నారు. జపాన్ నుంచి మలేషియా దాకా ఆమె పాట తెలియని ఇల్లు ఉండదన్నారు. తాను సైన్యంలో ఉన్నప్పుడు బ్యారక్ లో అందరి పెట్టెల మూతల వెనకా ఆమె ఫొటోయేనట. చెబుతుంటే ఆయన మొహం కుర్రవాడి మొహం అయిపోయింది. సినిమా హీరోల కోసం టిక్కెట్ల దగ్గర చొక్కాలు చింపుకునే మా వాళ్లు గుర్తొచ్చి, అభిమానం ఎక్కడైనా అభిమానమే కదా అనుకున్నాను.

అప్పుడే ఆసామి గారి అమ్మాయికి పెళ్లి కుదిరింది. ఆ పిల్లా నేనూ ఒకే కాలేజీ. ఆసామి గారు షెడ్డుకొచ్చి నాన్నతో ఒక కోరిక చెప్పారు.

"మాస్టారూ, ఆ తైవాన్ గారు మన ఇంటి మనిషిలా ఉంటున్నారు. ఎదురుకోలప్పుడు వాళ్ల దేశం పాట ఒకటి వాయిస్తే సంతోషిస్తారు కదండీ. వియ్యాలవారికి కూడా గొప్పగా ఉంటుంది."

మా వైపు అతిథిని మెప్పించాలనుకుంటే దానికి హద్దుండదు. నాన్న క్యాసెట్ తెప్పించి విన్నాడు. మొదటి వరుస పూర్తి కాకముందే కళ్లు మెరిశాయి.

"ఓస్, ఇది మోహనమే. మన రాగమే. సరిగపద, అంతే. శుభమైన రాగం, ఎదురుకోలుకి దివ్యంగా ఉంటుంది."

అందరం సరేనన్నాం. ఆ పాటలో ఏముందని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. రాగం తెలిశాక పాట తెలిసినట్టే అనుకున్నాం.

తీరా వాయించబోతే పాట ఎవరికీ లొంగలేదు. ట్రంపెట్ ఆయన ఊదితే కవాతులా తయారైంది. నాన్న కదిలే పళ్లతోనే ఒకసారి క్లారినెట్ పట్టాడు గానీ ఆయన వేళ్లు ఊరుకోవు కదా, ప్రతి స్వరానికీ ఒక ఊపు, ఒక గమకం. గమకం పడేసరికి పాట మన కచేరీ పాట అయిపోతోంది, ఆ గాయని మాయమైపోతోంది. నేను పుస్తకాలు పక్కన పడేసి ఆ క్యాసెట్ టేపు సాగిపోయేదాకా విన్నాను. ఆవిడ స్వరాన్ని ఊపదు, అలా వదిలేస్తుంది. వదిలేయడం నేర్చుకోవడానికి నాకు చుక్కలు కనిపించాయి. పెదవి లోపల పుండు పడింది, అమ్మ తిట్టింది, అయినా వదల్లేదు. ఒక మధ్యాహ్నం షెడ్డులో ఊదుతుంటే మేడ మీద టేప్ రికార్డర్ ఆగింది. తైవాన్ గారు కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడ్డారు. నాన్న అది చూశాడు.

"సరే. ఆ ఒక్క పాటకే. తర్వాత మామూలే," అన్నాడు.

ఎదురుకోలు సాయంత్రం పానకం బిందెలతో మగపెళ్లివారికి ఎదురు వెళ్లాం. నేను మేళం మధ్యలో, నాన్న ఒకప్పుడు నిలబడి ఊదిన చోట, జరీ అంచు ఎర్ర కోటు వేసుకుని నిలబడ్డాను. భుజాల దగ్గర వదులు, అయినా విప్పాలనిపించలేదు. పాట ఎత్తుకున్నాను. బాగా వచ్చిందని నాకు తెలుసు. ఆడవాళ్లు నన్ను చూసి గుసగుసలాడటం ఆపేశారు. పట్టు కండువా కప్పుకున్న తైవాన్ గారు మాత్రం పానకం గ్లాసు పట్టుకుని బిగుసుకుపోయారు.

పెళ్లికొడుకు మేనమామకి ఇంగ్లీషు బాగా వచ్చు. "మీ దేశంలో పెళ్లి పాటా అండీ ఇది?" అని అడిగాడు.

తైవాన్ గారికి అబద్ధం చేతకాదు. కాదన్నారు. వెళ్లిపోయే మనిషికి ఉండిపోయే మనిషి పాడే పాట, మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు అని పాడే పాట అన్నారు. మేనమామ దాన్ని తెలుగు చేసి గట్టిగా చెప్పాడు. గుమ్మంలోకి ఇంకా కాలు పెట్టని అల్లుడికి వెళ్లిపోయే పాట వాయించామని ఒక్క నిమిషంలో పందిరంతా పాకింది. పెళ్లికూతురి తల్లి మొహం పాలిపోయింది. ఆసామి గారు నాన్న దగ్గరకొచ్చారు. కోపం మింగి మాట్లాడేవాళ్ల గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది.

"మాస్టారూ, అమ్మాయిని ఇంటికి పంపించేయండి. ఇంకేం వద్దండి."

నాన్న తల వంచుకుని నా చేతిలోంచి క్లారినెట్ తీసుకున్నాడు. "మోహనంలో ఉన్న పాట ఏడుపు పాట ఎలా అవుతుంది?" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు, "అడిగావు, ఊదావు, అయిపోయిందమ్మా."

"అవలేదు నాన్నా," అన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే తైవాన్ గారి దగ్గరకి వెళ్లాను. ఆయన అప్పటికే ఆసామి గారికి పదిసార్లు క్షమాపణ చెప్పి మొహం చెల్లక గదిలో కూర్చున్నారు. పాట మొత్తం అర్థం చెప్పమన్నాను. ఆయన ముక్కముక్కలుగా చెప్పారు. వెళ్లేవాళ్లు కడుపు నిండా తిని వెళ్లాలట. దారిలో చలి వేస్తుందేమోనని ఉన్నవాళ్ల బెంగట. వాకిలి దాకా వచ్చి ఇంక మాట రాక నిలబడిపోతారట. వింటూ వింటూ నేను నవ్వేశాను. తప్పు పాటది కాదు, మేము పెట్టిన చోటుది.

తిన్నగా పెళ్లికూతురి గదికి వెళ్లాను. జడ కుడుతున్నారు. చెప్పాల్సింది చెప్పాను. ఆ పిల్ల అద్దంలోంచే నన్ను చూసింది.

"ఊదవే. నా అప్పగింతలకి ఏం ఊదాలో నేను చెప్తాను, నాన్న కాదు," అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్పగింతలు మొదలయ్యాయి. పళ్లెంలో పాలు పోసి, అమ్మాయి చేతులు అందులో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. నాన్న పక్కన పెట్టిన క్లారినెట్ నేను తీసుకున్నాను. ఆయన నా వైపు చూశాడు, ఆసామి గారి వైపు చూశాడు. తర్వాత కుడి చెయ్యి చాచి డ్రమ్ములు ఆపించాడు. ఆ పాటకి డ్రమ్ము అక్కర్లేదని ఆయనకు నేను చెప్పలేదు. ఆయనే తెలుసుకున్నాడు.

గమకం లేకుండా, గొంతు పెంచకుండా ఊదాను. రెండో చరణానికి వెనక నుంచి సన్నగా మాటలు వినిపించాయి. తైవాన్ గారు పాడుతున్నారు. గొంతు బాగాలేదు, శ్రుతి కూడా లేదు. ఆ భాషలో ఒక్క ముక్క తెలియని జనం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆసామి గారు పాలు కారుతున్న చేతులతో కళ్లు తుడుచుకోవడంతో మొహమంతా పాలయింది. నన్ను ఆపమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాత నన్ను ఆపడం నాన్న వల్ల కూడా కాలేదు. రామచంద్రపురం నుంచి, మండపేట నుంచి మనుషులొచ్చి "తైవాన్ పాట ఊదే అమ్మాయి ఉన్న బ్యాండు మీదేనా అండీ?" అని అడిగేవాళ్లు. నేను రాకపోతే వేరే మేళం చూసుకుంటామనేవాళ్లు. కోటు నా కొలతకి కుట్టించుకున్నాను. మిగతా మేళాలవాళ్లూ ఊరుకోలేదు. ఒకాయన దానికి గమకాలు తగిలించాడు, ఇంకొకాయన డిస్కో దరువు కట్టాడు, విని తల పట్టుకున్నాను. కానీ కోపం ఎక్కువసేపు నిలవలేదు. గోదావరికి ఈ పక్కన ఎంతమంది ఆడపిల్లలు ఆ గాయని పాటతో గుమ్మం దాటారో ఆమెకు తెలియదు, ఆమె పేరు వీళ్లకు తెలియదు. అంతకంటే పేరు రావడం ఏముంటుందని ఇప్పటికీ అనుకుంటాను.

తెగులొచ్చి చెరువులు పోయాక తైవాన్ గారు వెళ్లిపోయారు. క్యాసెట్ నాకిచ్చారు. ఆయన వెళ్లేరోజు ఊదబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. చాలా కాలానికి రాజమండ్రిలో ఇంటర్నెట్ సెంటర్ పెడితే వెళ్లి, ఆయన పలికినట్టు ఆమె పేరు నాలుగు రకాలుగా కొట్టి చూశాను. దొరికింది. చిన్నవయసులోనే పోయిందట. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కింద రాసుకున్నారు. మా వైపు నుంచి ఒక్కరూ లేరు. నాకొచ్చిన ఇంగ్లీషులో, గోదావరి దగ్గర కూడా మీ పాట వినిపిస్తుందండీ అని రాసి వచ్చాను.

నా పెళ్లికి నేను పెట్టిన షరతు ఒక్కటే, క్లారినెట్ మానను. రాజమండ్రిలో గుమాస్తా పని చేసే ఆయన ఒప్పుకున్నాడు. నాన్నకి మాత్రం ఒక దిగులు పట్టుకుంది. నా అప్పగింతలకి ఊదేదెవరు? వేరే మేళాన్ని పిలుస్తానన్నాడు, ఒప్పుకోలేదు. గమకాలతో నన్ను సాగనంపొద్దన్నాను.

నా చేతులు పాలలో ముంచే సమయానికి పాట మొదలైంది. తలెత్తి చూస్తే నాన్న. కట్టుడు పళ్లతో, మెడ నరాలు ఉబ్బి, కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎక్కడ సాధన చేశాడో. స్వరాలను ఊపలేదు, నాలాగే అలా వదిలేశాడు. రెండో చరణంలో పళ్లు జారాయి. గాలి మాత్రం వచ్చింది, స్వరం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, రాలేదు.

అత్తగారి చేతుల్లోంచి చేతులు తీసుకున్నాను. పట్టుచీర కొంగుకి పాలు తుడుచుకుని నాన్న దగ్గరకి నడిచి, క్లారినెట్ అందుకుని, ఆయన ఆపిన స్వరం దగ్గరే ఎత్తుకున్నాను. పెళ్లికూతురు బుగ్గలు పూరించి ఊదుతుంటే చూసేవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు. నాన్న నా పక్కన నిలబడి చివరిదాకా విన్నాడు.

నేను కారెక్కాక నాన్న క్లారినెట్ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నేను వద్దన్నాను, అది ఆయన తండ్రి కొన్నది.

"ఇక్కడుంటే ఎవరు ఊదుతారమ్మా?" అని తలుపు వేశాడు.