గుమ్మడికాయ రంగు నీళ్ళు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు. నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. చిన్నప్పుడు చెల్లెల్ని చంకన వేసుకుని రెండు రోజులు బడికి వెళ్ళాను. అది ఏడుస్తుంటే మూడో రోజు మాస్టారు, "ముందు దాన్ని పెద్ద చెయ్యి, తర్వాత వద్దువుగాని" అన్నారు. దాన్ని పెద్ద చేశాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరిని, ఆ తర్వాత నా పిల్లని. అక్షరాలు యాభై నాలుగో ఏట, అమెరికాలోని ట్రాయ్‌లో, మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర మొదలయ్యాయి. అందుకు కారణం ఒక నీళ్ళ తొట్టి.

ఎనభైల నాటి మాట. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. అమ్మాయి రెండో కాన్పుకని నేను వచ్చాను. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు కనుక తను గడప దాటడానికి లేదు. నాలుగేళ్ళ మనవరాలు అప్పుడే ప్రీస్కూల్లో చేరింది. ఆ బడి నాలుగు వీధుల అవతల, ఒక చర్చి కింది అంతస్తులో. రోజుకొక ఇంటి నుంచి ఒకరు వెళ్ళి టీచరుకి సాయం చెయ్యడం అక్కడి పద్ధతి. మా ఇంటి వంతుకి నేను వెళ్ళేదాన్ని.

ఇంట్లో గలగలా మాట్లాడే మనవరాలు బళ్ళో నోరు విప్పేది కాదు. కోట్లు తగిలించే కొక్కేల కింద నిలబడి, నా వంతు రోజైతే నా కొంగు, కాకపోతే తన కోటు అంచు పట్టుకుని ఉండేది. టీచరు మంచిదే. అయినా అమ్మాయికి ఫోన్‌లో ఉన్నమాట చెప్పింది. అక్టోబరు చివర పిల్లలు దెయ్యాల వేషాలు వేసే పండగ, హాలోవీన్ దాకా చూస్తుందట. అప్పటికీ ఇలాగే ఉంటే వచ్చే ఏడు తీసుకురమ్మంది, ఆ చోటు కోసం ఇంకో పిల్ల కాచుకుని ఉందట. జనవరిలో అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళాలి. నేనేమో అప్పటికి తిరిగి వెళ్ళిపోవాలి. అందుకని ఆ చోటు పోతే మాకు దారి లేదు.

ఒక్కో కొక్కెం పైన పిల్ల పేరు రాసిన కాగితపు గుమ్మడికాయ ఉండేది. హాలోవీన్ మర్నాడు అవి తీసేసి, తర్వాతి పండగకని టర్కీ కోళ్ళ బొమ్మలు అతికిస్తారట. బళ్ళో ఉండబోయే పిల్లల పేర్లే వాటి మీద ఉంటాయని అమ్మాయి చెప్పింది.

హాలోవీన్ రోజు వంతు మాది. ముందు రోజు టీచరు నా చేతిలో ఒక కాగితం పెట్టి, పిల్లలు ఆడుకునే, కాళ్ళున్న నీళ్ళ తొట్టిని చూపించి, తర్వాత గుమ్మడికాయని చూపించి, "వాటర్. దిస్ కలర్" అంది. "ఎస్, ఎస్" అన్నాను. కాగితాన్ని నాలుగు మడతలూ విప్పకుండానే పర్సులో పెట్టుకున్నాను.

"ఏమన్నా తెమ్మందా అమ్మా?" అని ఇంట్లో అమ్మాయి అడిగింది.

"రంగు నీళ్ళేనే. అదెంత పని."

తను బిడ్డతో అప్పటికే అలిసిపోయి ఉంది. చదివి పెట్టమనడానికి నోరు రాలేదు.

పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు కదా, పసుపైతే భయం లేదనుకున్నాను. రెండు పాల క్యాన్ల నిండా పసుపు నీళ్ళు, రంగు చాలకపోతే కలపడానికి ఒక పొట్లంలో వంటసోడా. బళ్ళో తొట్టిలో పోస్తే మరీ పచ్చగా కనిపించాయి. సోడా చల్లి గరిటెతో తిప్పాను. చూస్తూండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. పిల్లలంతా తొట్టి మీదికి వంగారు. టీచరు ప్లాస్టిక్ సాలీళ్ళనీ, పిడికెడంత గుమ్మడికాయలనీ, గిన్నెలనీ అందులో పడేసింది.

నేనేం చేశానో అప్పుడు తెలిసింది నాకు. అవి ఎర్రనీళ్ళు. మూడు వారాల కిందట బిడ్డ ఆస్పత్రి నుంచి వస్తే, సున్నం దొరక్క ఇలాగే సోడా వేసి, గుమ్మంలో దిష్టి తీసి పారబోసినవి. వాటిని ఎవరూ తొక్కను కూడా తొక్కరు. నేనేమో పదిమంది పిల్లల చేతులు అందులో పెట్టించాను. ఇంకా ఎవరికీ దిష్టి తియ్యలేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటున్నాను.

కొంగు వదులైంది.

"అమ్మమ్మా, ఇది బేబీ వాటర్. బేబీకి తిప్పావ్ కదా?"

నేను బదులు చెప్పేలోగా మనవరాలు ఒక గిన్నె ముంచుకుంది. పక్కనున్న పిల్లవాడు తెల్ల దుప్పటికి కళ్ళ దగ్గర చిల్లులు పెట్టుకుని దెయ్యం వేషంలో ఉన్నాడు. వాడితో, "స్టాండ్ స్టిల్. డోంట్ మూవ్" అంది. బళ్ళో పరాయివాళ్ళతో అది పలికిన మొదటి మాట అదే. గిన్నె మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, థూ థూ థూ" అంది.

పిల్లలంతా థూ థూ అంటూ వరస కట్టారు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అదేమిటని అడిగింది.

"సో నోబడీ లుక్స్ ఎట్ యూ టూ మచ్" అంది మనవరాలు.

"ఓ, ఐ నీడ్ దట్" అని టీచరు కూడా వరసలో నిలబడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. తీసిన దిష్టి గుమ్మంలో పారబొయ్యాలని పిల్లకి తెలుసు. గిన్నె పట్టుకుని తలుపు దాకా నడిచి విసిరింది. అప్పటికే గుమ్మంలోకి ఉరికిన దెయ్యం పూర్తిగా తడిసిపోయాడు. పన్నెండింటికి వచ్చిన వాళ్ళమ్మ దుప్పటి చూసి తెల్లబోయింది.

"ఈజ్ దట్ బ్లడ్?"

"నో, పసుపు" అంది మనవరాలు.

టీచరు తుడుపుకర్ర పక్కన పెట్టి, నిన్నటి కాగితం ఏదని అడిగింది. పర్సులోంచి తీసిచ్చాను. విప్పని మడతలు చూసింది, నన్ను చూసింది. తిరిగి నా చేతిలోనే పెట్టింది. తిట్టినా బాగుండేది. పిల్ల నోరు విప్పిన రోజే దాని చోటు నేను పోగొట్టాననుకున్నాను.

దుప్పటి అడిగి ఇంటికి తెచ్చాను. సబ్బు పెడితే మరకలు ఇంకా ఎర్రబడ్డాయి. ఉతికి పెరట్లో ఎండలో వేశాను. పసుపు సబ్బుకి లొంగదు, ఎండకి లొంగుతుంది. సాయంత్రానికి లేత గంధం రంగు మిగిలింది.

అమ్మాయి బిడ్డని ఒళ్ళో వేసుకుని కాగితం చదివింది. "రంగు బళ్ళోనే ఉందట, సింకు పైన అలమరలో. నిన్ను తెమ్మన్నది పాత తువ్వాళ్ళు, అంతే." నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. "టీచర్‌కి ఫోన్ చేసి అడగనా?"

"వద్దు. చేసింది నేను, నేనే వెళ్ళి చూస్తాను. పిల్ల పేరు ఎలా ఉంటుందో చూపించు."

కాగితం వెనక పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం పెద్దగా రాసింది. నిలబెట్టిన నిచ్చెనలా ఉంది, మధ్యలో ఒకే మెట్టు. వేలితో బల్ల మీద దిద్దాను. మనవరాలు పక్కన కూర్చుని, "కరెక్ట్ అమ్మమ్మా, బట్ మెట్టు స్ట్రెయిట్‌గా" అని సరిచేసింది.

మర్నాడు పొద్దున్నే దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని, పిల్లని తీసుకుని బడికి నడిచాను. గుమ్మడికాయలు లేవు. వాటి చోట టర్కీ కోళ్ళు వచ్చాయి. పిల్లని తలుపు దగ్గరే నిలబెట్టి, మొదటి కొక్కెం నుంచి ఒక్కో కోడినీ చూసుకుంటూ వెళ్ళాను. ఏడో కోడి మీద నిచ్చెన ఉంది. దాని మెట్టు మీద వేలు పెట్టి ఒకసారి దిద్ది, పిల్ల కోటు విప్పి ఆ కొక్కేనికి తగిలించాను.