పిలిస్తే పలకకూడదని నేర్చుకున్న పిల్ల: డిగ్లీపూర్‌లో నా రెండో రోజు

విశాఖపట్నంలో వ్యాపారుల సమావేశం ఒకటి జరిగితే నన్ను మాట్లాడమని పిలిచారు. పనిచేసే తల్లిదండ్రుల పిల్లల కోసం యజమాని ఒక గది చూపించి, ఒక ఆయాను పెడితే ఆ లాభం మొదట యజమానికేనని చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక హోటలాయన నవ్వి, "మేడమ్, మేం గదులు అద్దెకిస్తాం, ఉయ్యాలలు ఊపం" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు చెవుల్లోంచి పోవాలంటే నాలుగు రోజులు సముద్రం చూసి రావాలనిపించి అండమాన్‌కి టికెట్ తీసుకున్నాను. నవ్వు పోయింది. దాని స్థానంలో ఒక భయం వచ్చి కూర్చుంది, అది ఇంకా పోలేదు. ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చెప్తాను. భయం గురించి కూడా చెప్తాను, అది వదిలేసి రాస్తే ఇది హోటళ్ళవాళ్ళు పంచే రంగుల కాగితం అవుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగి బతు బస్తీలో మా పిన్ని కూతురు సునీత ఇంట్లో ఒక రాత్రి ఉన్నాను. డిగ్లీపూర్ బస్సులు తెల్లవారకముందే బయలుదేరతాయి. టికెట్ ముందురోజే తీసుకోవాలి. సర్కారు బస్సు చవక, ప్రైవేటు బస్సుకి కాస్త ఎక్కువ, ఏదైనా వెయ్యి రూపాయల లోపే. సునీత చీకట్లోనే లేచి నాకు టీ పెట్టింది. "అక్కా, జిర్కాటాంగ్ దాటితే అడివంతా ఫోన్ ఒట్టి డబ్బాయే. ఎవురికైనా సెప్పాల్సింది ఉంటే అబీ సెప్పేసుకో" అంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ వరసకట్టి ఆగుతాయి. గేటు తీశాక పోలీసు బండి వెంట అడవిలోకి వెళ్ళాలి. అది అక్కడి ఆదివాసుల నేల. బండి ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, తీస్తే కేసు. తర్వాత బస్సు సహా పడవెక్కి జలసంధి దాటాలి. బస్సు దిగి రేవులో నిలబడితే, మడ చెట్ల వేళ్ళకేసి చూపిస్తూ కండక్టర్ అన్నాడు: "దీదీ, నీళ్ళలో చెయ్యి పెట్టకండి. మగర్ ఉంటాది. దానికి మన టైంటేబుల్ మాలూమ్ నేదు."

నవ్వాను. మొసలి గురించి నేను నవ్విన చివరిసారి అదే.

రంగత్, మాయాబందర్ దాటి డిగ్లీపూర్ చేరేసరికి సాయంత్రం అయింది. అక్కడి నుంచి ఆటోలో కాలీపూర్. ఇసుక నల్లగా, మెత్తగా ఉంటుంది. నేను దిగిన చోటు పేరు రాయను, రాస్తే ఒక మనిషి ఉద్యోగం మీదికి వస్తుంది. పది పన్నెండు కుటీరాలు, వెనక వంటిల్లు, వంటింటి వెనక మడ అడవిలోకి పోయే సన్నటి ఉప్పుటేరు. ఏటి ఒడ్డున పసుపు బోర్డు, దాని మీద నోరు తెరిచిన మొసలి బొమ్మ. యజమాని మా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ కొడుకు, ఇక్కడే పుట్టాడు. అందరూ సాబ్ అంటారు. రాత్రి భోజనం దగ్గర కూర్చుని తన బాధ వెళ్ళబోసుకున్నాడు: "ఆడోళ్ళు నిలబడట్నేదు మేడమ్. పని నేర్పిస్తాం, చాదర్ మడత పెట్టడం వచ్చేసరికి మానేస్తారు. ఈ ఏడే ముగ్గురెల్లిపోయేరు. ఆద్మీ మిల్తా నహీ, మనుసులు దొరకట్నేదు."

"ఎందుకు మానేశారో అడిగారా?"

"ఏటుంటాది? బచ్చా, ఘర్. వాళ్ళ ఇంటి సంగతి నాకెందుకు?"

విశాఖ హాల్లో విన్న నవ్వే ఇక్కడ చేపల పులుసు కలుపుకుంటూ కూర్చుంది. నోరు పారేసుకోకుండా లేచి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున తువ్వాలు కావాలని దుప్పట్లు పెట్టే గదికి వెళ్ళాను. కింది అరలో, మడతపెట్టిన దిళ్ళ వెనక, రెండు కళ్ళు. మూడేళ్ళ పిల్ల. నేను వంగి "ఎవరమ్మా నువ్వు?" అంటే రెప్ప వేయలేదు, నోరు విప్పలేదు. వెనకనుంచి ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. నా కుటీరం ఊడ్చే ఆవిడ. "అమ్మా, సాబ్‌కి సెప్పకండి. నా కూతురు, రూతు. మా అత్త ఆస్పత్రి పని మీద పోర్ట్ బ్లెయిర్ ఎల్లింది. ఆయన బోటు మీద ఉన్నాడు. అంగన్‌వాడీ మా ఊరికి ఆ చివర, మద్దేన్నానికే మూసేస్తారు. ఏం సెయ్యను?"

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉందా? చప్పుడే లేదు!"

ఎస్తేరు కాస్త గర్వంగా నవ్వింది. "నేర్పేనమ్మా. డ్యూటీ టైములో ఎవురు పిలిసినా పలకదు. నేను పిలిసినా పలకదు. బిల్లీ లాగ ఉంటాది."

ఆ గర్వం చూసి నాకు భయమేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. రెండు గంటల్లో తెలిసింది.

వరండాలో చదువుకుంటుంటే ఎస్తేరు నా ముందుకొచ్చి నిలబడింది. చేతిలో తడి గుడ్డ ఉంది, మొహంలో నెత్తురు లేదు. "అమ్మా, పాప నేదు."

అరలన్నీ లాగాం. స్నానాల గదులు, నీళ్ళ ట్యాంకు వెనక, మంచాల కింద వెతికాం. గుసగుసగా పిలుస్తూ తిరిగాం. గట్టిగా పిలిస్తే సాబ్ వింటాడు. గట్టిగా పిలిచినా లాభం లేదు, ఆ పిల్ల పలకదు. తప్పిపోయిన పిల్లని పిలుస్తూ, పలకదని తెలిసి పిలవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ప్రతి నిశ్శబ్దం రెండు రకాలుగా వినిపిస్తుంది. దాక్కుని ఊపిరి బిగబట్టిన పిల్ల, లేదా అసలు లేని పిల్ల.

వంటింటి వెనక ఏరు పోటు మీద ఉంది. గోధుమరంగు నీళ్ళు బోర్డు కాళ్ళ దాకా వచ్చాయి. ఎస్తేరు ఒడ్డున నిలబడి నీళ్ళలోకి చూసింది. నేను ఆవిడ మొహంలోకి చూడలేక మడ చెట్లకేసి చూశాను. అక్కడ ఏదో కదిలింది. కొంగ.

"పద, సాబ్‌తో చెప్దాం. మనుషులు కావాలి, పడవ కావాలి."

నా మణికట్టు పట్టుకుంది. "నౌకరీ పోతాదమ్మా."

"పోతే పోనీ! ఇంకోటి వెతుక్కోవచ్చు!"

"మీకేం, సెప్తారు" అంది. నిజమే. నాకేం. నెలాఖరు బియ్యం గురించి ఆలోచించక్కర్లేని మనిషిని, ఏటి ఒడ్డున నిలబడి ధైర్యం పంచుతున్నాను.

వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాం. లోపల సాబ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ముప్ఫైమంది బృందం వస్తోందట. వంటమనిషి అప్పారావు ఎస్తేరుని చూసి కనుబొమ్మలెగరేశాడు, తల గుమ్మం బయటికి ఊపాడు. సాబ్ ఉన్నాడు పొమ్మంటున్నాడనుకుంది ఆవిడ. నేనూ అదే అనుకున్నాను.

"క్యా హై? ఏటి కావాలి?" అన్నాడు సాబ్.

"ఏటీ నేదు సాబ్. బాల్టీ."

బక్కెట్ తీసుకుని ఇవతలకి వచ్చింది. నాలుగడుగులు వేసింది. ఆగింది. బక్కెట్ కింద పడేసి వెనక్కి తిరిగి వెళ్ళి, ఆ వాకిలి అదిరేలా అరిచింది: "సాబ్, నా బిడ్డ కనపడట్నేదు! పొద్దున్నుంచి దుప్పట్ల గదిలో దాచేను. తీసెయ్యండి నన్ను, ఏటైనా సేసుకోండి. ముందు ఏరు ఎతికించండి!"

అప్పారావు చేతిలో గరిటె గంజి గిన్నెలో పడిపోయింది. "ఓసి పిచ్చిదానా, ఏరేటే! పాపని నేనే పంపేను. సాబ్ దుప్పట్ల గది చెకింగ్‌కి వస్తన్నాడని తెలిసి, ఎత్తుకుపోయి, కూరగాయలకి బజారెల్తన్న బిమల్ జీపులో కూకోబెట్టేను. పాస్టరమ్మ గారింట్లో దింపెయ్యమన్నాను. నీకు సెప్దామంటే అప్పట్నుంచి ఈయన ఇక్కడ్నుంచి కదిల్తేనా!"

ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకే ఉద్యోగం నిలబెట్టాలని, యజమాని ఎదుట నోరు మూసుకున్నారు. ఆ నోరు మూయించినదేమిటో ఆ యజమానికి ఇప్పటికీ అర్థమైందో లేదో నాకు అనుమానమే. "డ్యూటీలో బిడ్డని తెచ్చేవా?" అన్నది అతని మొదటి మాట.

"బిమల్ ఎప్పుడు వెళ్ళాడు?" అని అడిగాను.

అప్పారావు గడియారం చూశాడు. ఈపాటికి కూరగాయలతో తిరిగి రావాలి. సాబ్ ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మూడోసారి సాబ్ ఎవరి మొహమూ చూడకుండా కారు తాళాలు తీశాడు. ఎస్తేరు ముందు సీట్లో, నేను వెనక. గేటు దాటుతుంటే ముప్ఫైమంది బృందం బస్సు లోపలికి వస్తోంది. వంటింట్లో పొయ్యి దగ్గర ఎవరూ లేరు, అప్పారావు కుర్రాళ్ళని వెంటేసుకుని ఏటి వైపు పరుగెత్తాడు, పాప జీపు దిగి వెనక్కి వచ్చిందేమోనని.

పాస్టరమ్మ ఇంటికి తాళం. పక్కింటావిడ "ప్రార్థన కూటానికి ఎల్లేరు, పాపని ఎవురూ దింపలేదే" అంది. దారంతా ఒక పక్క ఏరు కనపడుతూనే ఉంది. వంతెన వచ్చినప్పుడల్లా ఎస్తేరు తల కిటికీ బయటికి పెట్టి కింద నీళ్ళు చూసేది.

డిగ్లీపూర్ బజారులో చేపల దుకాణాల దగ్గర జీపు నిలబడి ఉంది. ఖాళీగా. బిమల్ దుకాణాల మధ్య పిచ్చివాడిలా పరుగెడుతున్నాడు. మమ్మల్ని చూసి ఏడ్చేశాడు. "దీదీ, ఘర్ బంద్ థా, నా సాత్ తెచ్చేను. సీటు మీదే ఉంది. ఆలూ బస్తా ఎత్తి వెనక్కి తిరిగితే లేదు. పిలుస్తన్నాను, పిలుస్తన్నాను..."

ఎస్తేరు పరుగెత్తలేదు. జీపు దగ్గరికి నడిచి, వెనక తలుపు మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతో అంది: "రూతూ, డ్యూటీ అయిపోయింది. రా."

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత బస్తాల వెనక టార్పాలిన్ కదిలింది. చెమటతో తడిసిన తల బయటికి వచ్చింది, మొహం ఉక్కకి ఎర్రగా కమిలిపోయింది. "అమ్మా, నేను పలకలేదు" అంది పిల్ల. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ.

ఎస్తేరు రోడ్డు మీద కూర్చుండిపోయింది. సాబ్ దుకాణంలో నీళ్ళ సీసా కొని తెచ్చి పిల్లకి పట్టించాడు. మిగిలిన నీళ్ళతో దాని తల తడిపాడు. అందుకే అతన్ని రాక్షసుడని రాయడం లేదు. రాక్షసులైతే పని తేలిక, తిట్టేసి ఊరుకోవచ్చు.

తిరిగి వచ్చేసరికి బృందం లేదు. తిండి లేదని ఇంకో చోటికి పోయారు. సాబ్ మెట్ల మీద కూలబడి, "ఈ రోజు నుక్సాన్ ఎవుడిస్తాడు?" అన్నాడు. అంతే, నేను రెండు రోజులుగా పళ్ళ బిగువున పెట్టుకున్నదంతా కక్కేశాను. ఈ నష్టం ఈ రోజుది కాదు బాబూ, రోజూ అవుతోంది, ఈ రోజు కంటికి కనిపించింది. ఒక్కో దుప్పటి మార్చి ఆవిడ ఎన్నిసార్లు ఆ గదికి పరుగెత్తిందో తెలుసా? వెళ్ళిపోయిన ముగ్గురికీ పని నేర్పిన కష్టం ఎవరిది, మళ్ళీ కొత్తవాళ్ళకి మొదటినుంచి నేర్పుతున్నదెవరు? మీ మనుషుల సగం బుర్ర ఇక్కడ, సగం బుర్ర ఇంట్లో ఉంచి తాళం వేసిన పిల్ల మీద. సగం బుర్రకి పూర్తి జీతం ఇస్తూ, మిగతా సగాన్ని ఒక గదితో, ఒక ఆయాతో తెచ్చుకోవడం తెలియని మీరా వ్యాపారులు?

"వచ్చేసారి మంచి టైమ్ సూసి సెప్పండి మేడమ్" అన్నాడు తల పట్టుకుని.

ఎస్తేరు పిల్లని చంకనేసుకుని మధ్యలోకి వచ్చింది. "సాబ్, రేపట్నుంచి నేను రాను. దీన్ని మళ్ళీ ఆ అరలో పెట్టను."

అప్పారావు భుజం మీది తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: "నాకూ ఇద్దరున్నారు సాబ్. నా భార్యకి రొయ్యల ప్లాంటులో డ్యూటీ. పిల్లలెక్కడున్నారని నన్నెవురూ అడగరు, మగోడిని కదా."

సాబ్ మెట్ల మీంచి లేచాడు. పడవ సామాన్ల గది ఖాళీ చేయిస్తానన్నాడు. కిటికీలకి జాలీ, ఏటి వైపు కంచె వేయిస్తానన్నాడు. ఆయా జీతంలో సగం మాత్రం తల్లులు కట్టుకోవాలన్నాడు. "తల్లులేనా?" అన్నాడు అప్పారావు. సాబ్ తాళాల గుత్తి వెతుక్కున్నాడు. ఎస్తేరు మాత్రం, "కంచె ఏసేక కబురెట్టండి. సూసి, అప్పుడొస్తాను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ రాలేదు. నా దుప్పటి మార్చడానికి సాబే వచ్చాడు. మూలలు దోపడం రాక రెండుసార్లు విప్పి వేశాడు. నేను సాయం చేయలేదు.

ఇల్లు చేరాక కూడా రాత్రుళ్ళు ఆ మాటే వినపడుతోంది: అమ్మా, నేను పలకలేదు. మనం దిగే ప్రతి శుభ్రమైన గది వెనక, మనం తినే ప్రతి వేడి భోజనం వెనక, ఎక్కడో ఒక పిల్ల చప్పుడు చేయకుండా ఉండటం నేర్చుకుంటూ ఉండొచ్చని ఇప్పుడు భయం. దీన్ని దయతో పరిష్కరించమని నేను ఎవరినీ అడగను. దయ యజమాని మూడ్ బట్టి వస్తుంది, పోతుంది. లాభం లెక్క చూసుకునైనా చేయండి, చట్టం అడిగినందుకైనా చేయండి, నాకేమీ పట్టింపు లేదు, కంచె గట్టిగా ఉంటే చాలు. ఆ గది కట్టారో లేదో ఇది రాసే నాటికి నాకు తెలియదు. నా నంబరు తీసుకున్న ఎస్తేరు నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా, సముద్రం కనపడుతుందా అని అడుగుతాం కదా. దానితోపాటు ఇదీ అడగండి: "మీ దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలు పగలు ఎక్కడ ఉంటారు?" అవతల గొంతు తడబడితే, ఎందుకు బుక్ చేయడం లేదో వాళ్ళకి చెప్పి మరీ ఫోన్ పెట్టేయండి.