ముసుగు వీరులూ, పోలమ్మ వేపుడు బండీ

కాకినాడలో సినిమాల మీద పరిశోధన చేస్తున్నాను. ఈ రోజు మధ్యాహ్నమే సూపర్ హీరోల ముసుగు గురించి ఒక అధ్యాయం ముగించాను. కళ్ల చుట్టూ చిన్న గుడ్డముక్క కట్టుకుంటే చాలు, మహానగరమంతా వాళ్లని పోల్చుకోలేదు. అది ఎందుకో వివరిస్తూ పాతిక పేజీలు రాశాను.

కార్తీకమాసం కదా, అత్తగారి నిష్ఠ పుణ్యమా అని ఇంట్లో నీచు మానేశాం. సాయంత్రానికి నా నాలుక ఊరుకోలేదు. మొహానికి చున్నీ చుట్టి, పైన హెల్మెట్ పెట్టి, వీధి చివర పోలమ్మ వేపుడు బండి దగ్గరికెళ్లి గొంతు మార్చి అడిగాను.

"ఒక ప్లేటు రొయ్యలు. కరివేపాకు ఎక్కువ, నిమ్మచెక్క వద్దు."

పోలమ్మ మూకుడు మీంచి తల కూడా ఎత్తలేదు. "గొంతుకి ఏమైందండీ మేడంగారూ? నిమ్మచెక్క వద్దనేది ఈ వీధిలో మీరొక్కరేనండి."

"మా అత్తయ్యగారికి చెప్పకు పోలమ్మా!"

"అయ్యో, నేనెందుకు చెప్తానండి? నిన్న ఆవిడొచ్చి మీకు చెప్పొద్దన్నారు. చెప్పానా?"

ఇంటికొచ్చేసరికి అత్తగారు తులసికోట దగ్గర దీపం పెడుతున్నారు. నేనూ పక్కన నిలబడి భక్తిగా దణ్ణం పెట్టుకున్నాను.

అధ్యాయం తిరగరాయాలి. ఆ మహానగరాల్లో పోలమ్మ లేదు, అంతే. మిమ్మల్ని పట్టించే నిమ్మచెక్క ఏదో మీరూ చెప్పండి. పోలమ్మలాగే నేనూ ఎవరికీ చెప్పను.