ఉత్త చేతుల నడక

అరవైల మొదట్లో అనంతపురం హాస్టల్లో ఉండి ఎస్సెస్సెల్సీ చదువుతున్నప్పుడు, ఇంగ్లీషు టీచరమ్మ స్ట్రోల్ అనే మాట చెప్పింది. పనీ తొందరా లేకుండా హాయిగా నడవడమని అర్థం. అది ఎక్కడ పుట్టిందో గట్టిగా తెలియదట. జర్మన్ల దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చని, మొదట్లో ఇల్లూ వాకిలీ లేక ఊళ్లు పట్టి తిరిగేవాళ్ల నడకకు వాడేవారని, తర్వాత్తర్వాత దొరలు సాయంత్రం పూట గాలికి తిరగడానికి ఆ మాటే పెట్టుకున్నారని చెప్పింది. దాంతో ఒక వాక్యం రాయమంది. "మా అమ్మతో స్ట్రోల్ చేశాను" అని ఇంగ్లీషులో రాశాను. రాశాక నా మీద నాకే ఒళ్లు మండింది. అది పచ్చి అబద్ధం. నెత్తిన బిందో, గంపో, కట్టెలమోపో లేకుండా అమ్మ ఊరు దాటగా నేను చూడనే లేదు.

ఎండాకాలం సెలవులకు కళ్యాణదుర్గం దగ్గరున్న మా ఊరికి పోగానే, ఒక్కసారైనా అమ్మను అలా నడిపించాలని పట్టుబట్టాను.

"ఊరికే తిరిగేకి నాకేమన్నా పిచ్చా?" అంది.

మూడు రోజులు సాధించాను. నాలుగోరోజు పొద్దు వాలాక, దొంగతనానికి బయల్దేరినదానిలా నా వెంట వచ్చింది.

నాలుగడుగులు వేశామో లేదో, గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగిపోయాడు.

"ఏమ్మా, ఉత్త చేతుల్తో యాడికి పోతాండావు? ఎవురన్నా పోయినారా?"

మా వైపు ఆడది ఆ వేళప్పుడు వట్టి చేతులతో ఊరు దాటిందంటే చావు కబురు వచ్చినట్టే.

"లేదన్నా, అందరూ బాగుండారు" అంది అమ్మ. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు అదే అడిగారు. అందులో ఒకామె జవాబు వినకముందే ముక్కు చీదడం మొదలుపెట్టింది.

అమ్మ సిగ్గుతో చితికిపోయింది. వేరుశనగ చేల గట్టున ఎండుపుల్లలు ఏరి, మోపు చేసి నెత్తికెత్తుకుంది.

"ఇప్పుడెవురూ అడగర్లే" అంది నిమ్మళంగా.

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మోపు లాక్కుని నా తలమీద పెట్టుకున్నాను.

"మెడ నొస్తాదే, ఇట్లియ్యి!"

"ఇయ్యను. నా నెత్తిన మోపుండాది కదా, నిన్నెవురూ అడగరు. నడువు."

నిజంగానే ఎవరూ అడగలేదు. అమ్మకు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు కొంగు పట్టుకుంది, కాసేపు నడుముకు ఆనించుకుంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి గరుకు నాకు అప్పుడే తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇల్లు వచ్చింది. మోపు దించాను. అమ్మ చెయ్యి వదల్లేదు, వాకిట్లోకి అడుగూ పెట్టలేదు.

"ఇంగ రోంత దూరం పోయొద్దామా పాపా?" అంది.