నిమిషానికి నలభై పేజీలు

“ఇవాళ కూడా ఆలస్యమైతే చెంగమ్మక్క మా పాప ఊహను వాకిట్లో కూర్చోబెట్టి తలుపుకు తాళం వేసేస్తుందేమో!”

కోకిల ఈ మాట మనిషితో అనలేదు, ప్రింటరుతో అంది. ప్రింటరు తన చిన్న తెర మీద ‘సిద్ధమవుతోంది’ అని చూపించి, కడుపులో ఏదో అరగనట్టు రెండుసార్లు గుర్రుమని మళ్ళీ మౌనం పాటించింది.

కోకిలకు ఇరవై తొమ్మిదేళ్ళు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. మద్రాసు జార్జి టౌన్‌లో చేతిబండ్లు తప్పుకుంటే గానీ మనిషి దూరలేని ఒక సందులో, మేడ మీద, కోదండరాం గారి ఆఫీసులో పని చేస్తుంది. ఓడల్లో వచ్చిన సరుకును రేవు నుంచి బయటికి తేవడానికి కావలసిన కాగితాలన్నీ ఆ ఆఫీసే సిద్ధం చేస్తుంది. మనుషులు ఆరుగురు, మిషను ఒకటి. ప్రింటు, జిరాక్సు, స్కాను అన్నీ దాని నెత్తినే. వ్యాపారుల గుమాస్తాలు పొద్దుటి నుంచీ ఎక్కడ తిరుగుతారో తెలియదు గానీ, నాలుగు గంటలయ్యేసరికి బిల్లుల కట్టలతో అందరూ ఒక్కసారే మెట్లెక్కుతారు. ఐదింటికల్లా అవన్నీ స్కానై రేవు ఆఫీసుకు చేరాలి. ఐదూ ఇరవైకి కోకిల బస్సెక్కాలి. ఎక్కితే ఆరున్నరలోపు మాధవరం పాల కాలనీలో చెంగమ్మ ఇంటి ముందు ఉంటుంది.

పని చేసుకునే తల్లుల బిడ్డల్ని చెంగమ్మ తన ఇంట్లో పెట్టుకొని చూస్తుంది. మంచి మనిషే. కానీ ఆరున్నరంటే ఆరున్నరే. కోకిల అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. రెండోసారి చెంగమ్మ కోప్పడలేదు, అదే భయం పుట్టించింది. “చూడు పాపా, నా కాడ చోటు కావాలని పదకొండు మంది అమ్మలు కాచుకోనుండారు. ఇంకొక్క తూరి లేటయితే నీ బిడ్డ పేరు కొట్టేస్తా. నా మీద కోపం పెట్టుకోవద్దు” అని, ఊహ ముక్కు తుడిచి అప్పగించింది.

రెండున్నరేళ్ళ పాపను చూసేవాళ్ళు లేకపోతే ఉద్యోగం లేదు. ఆ సంగతి ప్రింటరుకు తెలియదు. కోదండరాం గారికి తెలుసు. అయితే ఆయనకు కనికరం కలిగింది కోకిలను చూసి కాదు. మిషను ఒకరోజు ఆయన సొంత ఆధార్ కార్డును మింగి, సగం మాత్రమే తిరిగి ఇచ్చింది. మర్నాడే కొత్త మిషను కొనాలని తీర్మానమైంది.

“ఏమ్మా కోకిలా, నువ్వు సైన్సు చదువుకోనుండావు గదా, నువ్వే చూసి చెప్పు. ఫాస్టుగా ఉండాల. పెద్దదిగా ఉండాల. వచ్చినోళ్ళు చూస్తే ఇదేందిరా అనాల” అన్నారాయన.

సైన్సు చదివినవాళ్ళకు ఈ మాట చాలు. కోకిల మూడు రాత్రులు ఖర్చుపెట్టి పద్నాలుగు మిషన్లకు ఇరవై రెండు గడులతో పట్టిక తయారు చేసింది. నిమిషానికి ఎన్ని పేజీలు, నెలకు ఎన్ని వేలు, ట్రేలో ఎన్ని కాగితాలు, శబ్దం ఎన్ని డెసిబెల్లు. ఒక్కో గడికి ఒక్కో బరువు ఇచ్చి, గుణించి, కూడి, దశాంశానికి రెండు స్థానాల దాకా తేల్చింది. నిమిషానికి నలభై పేజీల మిషను 87.46తో మొదటి స్థానంలో నిలిచింది. ఆ పట్టికలో కోదండరాం గారి ఆఫీసుకు రోజూ వచ్చే కాగితం ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఆ ముక్క ఆమెకు తట్టలేదు. ఇంకొకరు వచ్చి చెప్పవలసి వచ్చింది.

ఆ ఇంకొకరు చూలై ఏకాంబరం. పాత మిషను గొంతులో ఇరుక్కున్న మిగతా సగం ఆధార్‌ను తీయడానికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. చూలైలో వాళ్ళ నాయనకు చిన్న అచ్చాఫీసు ఉండేదట. ఏకాంబరం ఎనిమిదితో చదువు ఆపేసి, అచ్చు యంత్రం కింద పడుకొని పని నేర్చుకున్నాడు. తర్వాత టైపు మిషన్లు, వాటి తర్వాత జిరాక్సు మిషన్లు, ఇప్పుడివి. ఒక్కొక్కటి చచ్చినప్పుడల్లా తర్వాతదానికి వైద్యం నేర్చాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు, దువ్వెన ఉండాల్సిన చోట కుంచె. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకుంటాడు.

ఆయనదొక అలవాటు. ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు మిషనును ముట్టుకోడు, చెత్తబుట్ట అడుగుతాడు.

“ఏం పాపా, ఈడ చెత్తబుట్ట ఏడుంది?”

“మిషను ఇక్కడుంది మామా.”

“మిషను యాడికి పోతాది? బుట్ట చూపించు.”

బుట్టను నేల మీద బోర్లించి, గొంతుకూర్చుని, చెడిపోయిన కాగితాలను ఒక్కొక్కటీ సాపు చేసి చూశాడు. కోకిలకు రోత కలిగింది. చూపు తిప్పుకొని తన పట్టికను చూసుకుంది. అది శుభ్రంగా, ఆకుపచ్చ రంగు తలకట్టుతో ఉంది.

“మీకు పెద్ద పని లేదు పాపా. అంతా మూడు కాగితాల పనే. మూడు తీస్తారు, ఆగుతారు. మళ్ళీ మూడు. బిల్లులేమో ఉల్లిపొర మాదిరి పల్చన. పిన్ను పీకకుండానే పెడతా ఉండారు. ఇదో, మిషను పంటి గుర్తులు” అన్నాడు ఏకాంబరం.

కోకిల పట్టిక చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని, పెళ్ళి పత్రిక చదివినంత మర్యాదగా చదివాడు.

“రొంబ బాగా రాసినావు. ఈ నలభై అనేది ఎవురు లెక్కపెట్టింది?”

“కంపెనీవాళ్ళే.”

“ఏం కాగితం పెట్టి?”

కోకిల ఇరవై రెండు గడుల మీదా వేలు జరిపి చూసింది.

“నలభై ఏకధారగా తీసేవాళ్ళకు అది నలభై. నీకు మొదటి కాగితం బయటికొచ్చేది ఎంతసేపట్లో, అది గదా కావాల్సింది? నీ బిల్లుల కట్ట ఒకటి తీసుకొనిపోయి, వాళ్ళ షాపులో పెట్టించి చూడు.”

కోకిల నవ్వి ఊరుకుంది. పాత మిషన్లు బాగు చేసి బతికేవాడు కొత్తది కొనమంటాడా అనుకుంది. తనకిచ్చిన సలహాను వదిలేసి, సలహా ఇచ్చినవాడి స్వార్థాన్ని కనిపెట్టినందుకు తనను తానే మెచ్చుకుంది. చదువు ఎక్కువైతే ఇదొక సుఖం.

అమ్మకాల మనిషి విజయకుమార్ టై కట్టుకొని, ఆ మిషనును వెంట తెచ్చి, తన ల్యాప్‌టాప్ నుంచి ‘సుస్వాగతం’ అన్న ఒక్క మాట ఉన్న పేజీని నలభైసార్లు కొట్టించి చూపించాడు. కాగితాలు కొలిమి నిప్పురవ్వల్లా ఎగిరి పడ్డాయి. యాభై తొమ్మిది సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు. రోజుకు నలభై సుస్వాగతాలు కావలసిన ఆఫీసు మద్రాసులో ఎక్కడుందో ఎవరూ అడగలేదు. కోదండరాం గారు మిషనును తట్టి చూసి, “బరువు బాగుండాది” అన్నారు. ఎంపిక పూర్తయింది.

శుక్రవారం పూజ. కోదండరాం గారి ఇంట్లో పూజ లేకుండా కొత్త గరిటె కూడా గిన్నెలో పడదు. మిషనుకు పూలదండ వేశారు. నిమ్మకాయ తొక్కించడానికి చక్రాల్లేవు కాబట్టి ముందు రెండు కాళ్ళ కింద రెండు కాయలు పెట్టి పైనుంచి నొక్కారు. ఒకటి నలిగింది, రెండోది నలగలేదు. పూజ అయ్యేదాకా అంత పెద్ద మిషనూ ఒక పక్కకు ఒరిగి, ఎగతాళిగా చూస్తున్నట్టు నిలబడింది. నాలుగు మూలలా గంధం, కుంకుమ పెట్టాక కూడా కోదండరాం గారికి తృప్తి కలగలేదు. మూత ఎత్తి చూశారు. పెద్ద అద్దం పక్కనే వేలెడు వెడల్పున ఇంకో సన్నని అద్దపు పట్టీ కనిపించింది.

“ఇదేందమ్మా?”

“పైనుంచి లాక్కున్న కాగితాన్ని చదివేది ఇక్కడేనండీ. దాని కన్ను లాంటిది.”

“కన్నా? అట్లయితే దిష్టి తగిలేది దీనికే గదా” అని, ఆ కంటి మధ్యలో చక్కగా గుండ్రంగా గంధం బొట్టు, దాని మీద కుంకుమ అద్ది మూత వేసేశారు. కోకిల హారతి కళ్ళకద్దుకుంది.

సోమవారం నాలుగు గంటలకు గుమాస్తాలు మెట్లెక్కారు. కొత్త మిషను మూడు కాగితాలు రెప్పపాటులో మింగి, ఇక పని లేదనుకొని నిద్రపోయింది. తర్వాతి మూడు పెడితే లేవడానికి నలభై సెకన్లు తీసుకుంది. ఉల్లిపొర బిల్లులను రెండేసి కలిపి లాక్కుంది. అయినా కోకిల ఎలాగో నాలుగూ ముప్పావుకు అరవై ఫైళ్ళు పంపించి సంచి సర్దుకుంది.

అప్పుడు రేవు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. “ఏమ్మా, అన్నీ కొట్టేసిన కాగితాలు పంపినారే? ఆరు దాకా చూస్తాం, మళ్ళా పంపండి.”

కోకిల తెర మీద ఫైళ్ళు తెరిచి చూసింది. ప్రతి పేజీకీ నట్టనడుమ, పై నుంచి కింది దాకా, స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రని గీత. ఈ ఆఫీసుల్లో ఎర్రగీత కొట్టిన కాగితమంటే చెల్లని కాగితం. అరవై మంది వ్యాపారుల సరుకును కోదండరాం గారి కొత్త మిషను ఒక్క సాయంత్రంలో రద్దు చేసేసింది.

కోకిల మిషను ఆపి, మళ్ళీ వేసింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. గీత పోలేదు. సెన్సారులో ఒక వరస పిక్సెళ్ళు చచ్చిపోయి ఉంటాయని సిద్ధాంతం చేసింది. సిద్ధాంతం బాగుంది. కంపెనీ నంబరుకు చేస్తే, ఆమె కాల్ తమకెంతో విలువైనదని ఒక గొంతు తొమ్మిదిసార్లు చెప్పింది. గడియారంలో ఐదు. గీతకు బదులు ఆమెకు ఊహ కనబడింది. చెప్పులు తొడుక్కొని, సీసా మెడలో వేసుకొని, గేటు కమ్మి పట్టుకొని.

సిగ్గు చంపుకొని ఏకాంబరానికి ఫోను చేసింది.

పక్క వీధిలోనే ఇంకో ఆఫీసులో ఉన్నాడేమో, మోపెడ్ మీద ఐదూ ఐదుకు దిగాడు ఏకాంబరం. మెట్లెక్కుతూనే అడిగాడు, “పెద్ద అద్దం మీద పెట్టి తీస్తే గీత వస్తా ఉండాదా?”

కోకిల అది చూడనే లేదు. ఎమ్మెస్సీలో రెండేళ్ళు ఆమె నేర్చుకున్నదల్లా ఇదే: ఒకటి మార్చి చూడు, మిగతావి అట్లాగే ఉంచు. ఒక కాగితాన్ని అద్దం మీద పెట్టి తీసింది. గీత లేదు.

“అట్లయితే పైనుంచి పొయ్యే దావలోనే ఏదో ఉండాది” అని మూత ఎత్తిన ఏకాంబరం, కాసేపు వంగి చూసి, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. “ఏమయ్యా కోదండం! మిషను కంట్లో కుంకం పెట్టినావా?”

“దిష్టికి పెట్టినానయ్యా” అన్నారు కోదండరాం గారు.

“బొట్టు అదే తావున ఉంటాది, కాగితమే దాని మీద జరిగి పోతాది. గీత రాకేమవుతాది? నీ కంట్లో వేలెడు గంధం పెడతా, రా, పేపరు చదువుదువు గాని.”

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాడు. గీత పోయింది. ఐదూ పది. అయితే అరవై ఫైళ్ళు మొదటి నుంచీ మళ్ళీ తీయాలి. కోకిల సంచి కింద పెట్టేసి, మొదటి కట్ట అందుకుంది.

ఏకాంబరం ఆమె ముఖం చూశాడు, సంచిలోంచి బయటికి కనబడుతున్న చిన్న గౌనును చూశాడు. మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు.

“బిడ్డ యాడుండాది?”

“మాధవరం. ఆరున్నర లోపల పోకపోతే పేరు కొట్టేస్తారు మామా.”

“పో. పరిగెత్తు. నేను తీస్తా.”

“మరి పిన్నులు?”

“కుంకం పెట్టిన చెయ్యి ఉండాది గదా, అది పీకతాది. కోదండం, ఇట్లా కూర్చో.”

ఇరవై ఏళ్ళుగా ఆ ఆఫీసులో సంతకం తప్ప ఏ పనీ చెయ్యని కోదండరాం గారు కింద కూర్చొని, నూటా ఎనభై కాగితాల పిన్నులు గోళ్ళతో ఊడబెరకడం మొదలుపెట్టారు. మూడో పిన్నుకే వేలికి గుచ్చుకుంది. ఆ దృశ్యాన్ని తనివితీరా చూడలేకపోయినందుకు కోకిల ఇప్పటికీ బాధపడుతుంది. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆరూ ఇరవై ఎనిమిదికి చెంగమ్మ గేటు చేరింది. ఊహ చెప్పులు తారుమారుగా తొడుక్కొని నిలబడి ఉంది. చెంగమ్మ చేతిలో తాళం ఉంది. “రెండు నిమిషాలుండాది లే పాపా. ఎందుకట్లా రొప్పతా ఉండావు?” అంది.

వారంలోపు మిషను మార్చుకోవచ్చని రసీదులో రాసి ఉంది. కోకిల ఈసారి పట్టిక తీసుకెళ్ళలేదు. నలిగిన ఉల్లిపొర బిల్లుల కట్ట తీసుకెళ్ళింది. పక్కన ఏకాంబరం. మిషనును నిద్రపోనిచ్చి, మూడు కాగితాలు పెట్టి, సెకన్లు లెక్కపెట్టారు. మళ్ళీ నిద్రపోనిచ్చారు. విజయకుమార్ టై వదులు చేసుకున్నాడు. చివరికి తెచ్చుకున్నది నిమిషానికి ఇరవై ఆరే తీసే బక్క మిషను. నిద్రలో ఉన్నా ఏడు సెకన్లలో మొదటి కాగితం ఇస్తుంది. కోకిల పట్టికలో దాని స్థానం పదకొండు. దానికి కూడా పూజ జరిగింది. కాకపోతే మూత చుట్టూ ఏకాంబరం ముందే టేపు వేసి వెళ్ళాడు.

ఆ రోజు షాపు మెట్ల మీద ఆయన అన్న మాటను కోకిల ఇప్పుడు ప్రింటర్లకు మాత్రమే వాడడం లేదు. మొన్న ఊహను చేర్చడానికి ఒక బడి చూడబోయింది. అక్కడ నున్నని కాగితం మీద అన్నీ అంకెలే. ఇంత మంది పిల్లలకు ఒక టీచరు, ఇన్ని కెమెరాలు, ఇన్ని రకాల ఆటలు. రేపు పదకొండు గంటలకు రండి, అంతా తిప్పి చూపిస్తామన్నారు. కోకిల తల ఊపి, కాగితం సంచిలో పెట్టుకొని, మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు పోయి గేటు దగ్గర నిలబడింది. పిల్లలందరూ ఒకేసారి ఆకలితో, నిద్రతో, ఏడుపుతో బయటపడే వేళ అది.

ఏకాంబరం చెప్పిందీ అదే: “వాళ్ళు రమ్మన్న టయానికి పోవద్దు పాపా. అప్పుడు ఏ మిషనైనా మొకం కడుక్కోని నిలబడి ఉంటాది. దానికి పని జాస్తిగా ఉండే టయాన పోయి, పక్కన నిలబడి చూడు.”